అరీజా

ఆరేళ్లుగా క్లెమ్ డోహర్టీ నన్ను 'అరీజా' అంటున్నాడు.
మే నెలలో, చలి ముదరకముందే,
ట్రక్కు నిండా రెడ్‌గమ్ కట్టెలు తెచ్చి
క్లినిక్ వెనక దించి కేకేసేవాడు:
"అరీజా! ఈసారి బాగా ఎండినవి!"

సరసిజ అండీ, అని మొదటి ఏడు నాలుగుసార్లు చెప్పాను.
రెండో ఏడు ఒకసారి.
తరవాత వదిలేశాను.
మన పేర్లు వీళ్ల గొంతుల్లో చేపముళ్లు
అనుకుని, డబ్బులిచ్చి, లోపలికొచ్చేదాన్ని.

గిల్గాండ్రాలో వారానికి రెండు రోజులు
చెవులు పరీక్షించడం నా పని.
ఇది గుర్తుంచుకోండి,
తరవాత నన్ను తిట్టడానికి పనికొస్తుంది.

మొన్న మంగళవారం
భార్య నోలీన్ చొక్కా పట్టుకుని లాక్కొచ్చింది.
కెటిల్ కూసి కూసి అడుగు మాడిందట.
"నేనేమన్నా ఊఁ అంటాడు. ఆ ఊఁకి అర్థం లేదమ్మా."

జానెడు మందం తలుపున్న గాజు గది.
వినబడితే మీట నొక్కమన్నాను.
ఉరుము, ట్రాక్టరు, కప్ప, ఆ కింది మెట్ల మోతలకి
టక్కున నొక్కాడు.
పైకెళ్లేకొద్దీ బొటనవేలు ఆగింది.
నీళ్లు రాని కుళాయి కింద చెంబు పెట్టినవాడిలా
ఓపిగ్గా కూర్చున్నాడు.

కుడి చెవికి ఎర్ర సున్నాలు,
ఎడమ చెవికి నీలం ఇంటూలు.
సున్నాలు మెల్లగా దిగాయి.
ఇంటూలు నాలుగు వేల దగ్గర నూతిలో పడ్డాయి.

"తుపాకి కుడి భుజానికి ఆనిస్తారు కదూ?"
"నీకెలా తెలుసు?"
తల వాల్చి గురి చూస్తే
గొట్టం మూతికి ఎదురయ్యేది ఎడమ చెవే.
కుడిది తల నీడలో దాక్కుంటుంది.

తొమ్మిదో ఏట, తండ్రి పక్కన, కుందేళ్లు.
ఆ సాయంత్రం చెవులు గుయ్యిమన్నాయి,
భోజనాల వేళకి తగ్గిపోయింది.
తరవాత నక్కలు.
ట్రక్కు కప్పు మీద దీపం పెట్టి రాత్రంతా కంగారూలు.
కరువు ఏడు, నీళ్లు లేక,
నూట నలభై గొర్రెలు, తన చేత్తో, ఒకే మధ్యాహ్నం.
ఆ లెక్క చెప్పేటప్పుడు గొంతు మారలేదు.
చెయ్యి మాత్రం ఎడమ చెవి మీదికి వెళ్లింది.

చెవులకి ఏమన్నా పెట్టుకునేవారా?
"పెట్టుకుంటే కుక్క మొరుగు వినబడదు."

లోపల సన్నని నూగు ఉంటుందని చెప్పాను,
వడగళ్లకి పడిన గోధుమ చేనులా
మోత తగిలిన చోట నేలకి అంటుకుపోయిందని.
రైతు కదా, ఒక్కటే అడిగాడు:
"లేస్తుందా?"
లేవదు.
బ్యాంకులో ఊపినట్టు తలూపాడు.

ఇక మాటల పరీక్ష.
నేను చదివింది ఆయన తిరిగి చెప్పాలి.
సిక్స్ అన్నాను. "ఇక్" అన్నాడు.
సీట్ అన్నాను. "ఈట్."
సకారాలన్నీ ఆ నూతి అడుగునే ఉన్నాయి.

నా కలం ఆగిపోయింది.
స, ర, సి, జ.
సకారాలు తీసేసి చూసుకున్నాను.
విన్నది విన్నట్టు
ఆరేళ్లు నాకు అప్పజెప్పాడు పాపం.
నోటి మీద నేరం మోసింది
చెవుల డాక్టరమ్మని, నేను.

మిషన్లు పెట్టిన రోజు
ట్రక్కులో ఏదో విరిగిందని ఆపి, దిగి వెతికాడట.
మలుపు దీపం, టిక్కు టిక్కు.
రొట్టె సంచి నలిగితే ఉలిక్కిపడ్డాడట.
లోపలి జోరీగ మాత్రం పోలేదు.
"అది అద్దె కట్టని మనిషి" అన్నాడు.

"స్సరస్సిజా!" అన్నాడు బల్ల దగ్గర,
పళ్ల సందున ఆవిరి వదిలినట్టు.
నోలీన్ పడీపడీ నవ్వింది.
తలుపు దాటుతూ, అలవాటున,
"వస్తా, అరీజా."
దిద్దలేదు.

సాయంత్రం తాళం వేస్తుంటే
నది అవతల పొలాల్లో ఒక పేలుడు.
ఆగి, ఇంకొకటి.
కొక్కటూలు తెల్లగా లేచి మళ్లీ చెట్టెక్కాయి.
ఎవరో కుర్రాడు, తండ్రి పక్కన.
భోజనాల వేళకి
తగ్గిపోతుంది.